రంపప్పొట్టు

బొటనవేలు ఆనే చోట
తెల్లగా అరిగిపోయిన కత్తిపిడిని
ఉర్పో బల్లమీద పెట్టాడు. ఏమీ అనలేదు.
కూహ్మోలో ఫిర్యాదంటే అంతే.
కాఫీ తాగి, టోపీ చెవుల మీదికి లాక్కుని
మంచులోకి నడిచి వెళ్ళిపోయాడు.

ఒక్క చలికాలం చేపలు కోసేసరికి
నీలమంతా అతని అరచేతి పాలైంది.
పైన పటారం, లోన వట్టి భూర్జ చెక్క.

తూరె ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపినవాడు.
ఆ మాట అననందుకే ఎక్కువ గుచ్చుకుంది.
తెల్లారకుండా మా తలుపు కొట్టి
"సానా, టార్చి తీసుకుని రా" అన్నాడు.

బడి వంటగది పారేసిన ఫ్రిజ్ నుంచి కంప్రెసర్.
ఊదే గొట్టం వదిలేసి, పీల్చే గొట్టానికి బిగింపు.
గంజి కాచే స్టీలు గిన్నె.
మూతకి, తీసేసిన బస్టాపు తాలూకు
మందపాటి ప్లాస్టిక్ పలక
(మూలన ఎవరిదో పేరు, చుట్టూ గుండె బొమ్మ).
సైకిల్ ట్యూబు కోసి వాషరు.
స్విచ్ వేస్తే పలక లోపలికి వంగి మూలిగింది.
ఇద్దరం వెనక్కి గెంతాం. కుక్క కూడా.

ముందు చెక్కని ఓవెన్లో బొత్తిగా ఎండబెట్టాలి.
రొట్టె వాసన రావాల్సిన ఇంట్లో అడవి వాసన.
లెంపి రెండు రోజులు మాకు మాటలు బందు చేసింది.

నీలం కలిపిన రెసిన్‌లో చెక్క తేలుతుంటే
పైన సరస్సు రాయి పెట్టాం.
బుడగలు. నురుగు. మళ్ళీ బుడగలు.
"ఈ గాలి ఏ ఏటిదో?" అన్నాను.
"అడక్కు, టార్చి కదపకు" అన్నాడు.

బుడగలు ఆగగానే తీసి కోశాం.
నడిమధ్యన తెలుపు,
సరిగ్గా ఉడకని బంగాళాదుంపలా.

మూడో ముక్కకి గానీ తెలియలేదు.
పీల్చినంతసేపూ చెక్క ఖాళీ అవుతుంది, అంతే.
మర తిప్పి బయటి గాలిని రానిచ్చాక
రోజూ మన నెత్తిన కూర్చుని
ఉన్నట్టే తెలియని ఆ బరువు
రంగుని మెడపట్టి లోపలికి తోస్తుంది.
అదీ నెమ్మదిగా. రాత్రంతా.

ఆగడం తూరెకి కొత్తగాదు.
టైముకి ముందు స్టాపు వదిలితే
పరిగెత్తుకొచ్చే మనిషి మిగిలిపోతాడు.
గిన్నె పక్కనే కుర్చీ వేసుకుని
తలుపు తియ్యని డ్రైవర్‌లా కూర్చున్నాడు.

మళ్ళీ ఓవెన్. లెంపి చెల్లెలింటికి.

ఈసారి రంపం కింద రాలిన పొట్టు
మొదటి గీత నుంచి చివరి గీత దాకా నీలం.
ముక్క చూడకముందే పొట్టు చెప్పేసింది.
ఒక్క ముడి మాత్రం రంగు తాగలేదు.
గోధుమరంగులో, చిక్కుడు గింజంత,
తన పట్టు తనదే.
చెక్కి పారేద్దామా అంటే తూరె తల అడ్డంగా ఊపి
పిడిని అటూ ఇటూ తిప్పి తిప్పి
ఆ ముడి సరిగ్గా బొటనవేలి కిందికి వచ్చేలా కొలుచుకున్నాడు.

ఉర్పో వచ్చాడు. పట్టుకున్నాడు.
"ఊఁ" అన్నాడు.
రెండో కప్పు కాఫీ అడిగాడు.

నేను పొట్టు ఊడ్చి గుమ్మం బయట పోశాను.
మంచు మీద అంత నీలం చూసి
కుక్క చాలాసేపు మొరిగింది.