ఉత్త చేతులు

మాందారిపేట స్టేజీ కాడ బస్సు దిగుతుంటే
కండక్టరు నా చేతుల దిక్కు చూసి నవ్విండు.
గాలం కట్టె లేదు, డబ్బా లేదు,
అంగీ జేబుల రెండు బిస్కెట్లు, అంతే.
కాముని పున్నం దాటేదాక వాగుకు ఉత్త చేతులతోనే పోవాలె.
ఎవ్వలు పెట్టిన కట్టడి కాదిది,
నాకు నేను పెట్టుకున్నది.
చలికి కొర్రమట్ట బురదల ముడుచుకొని ఉంటది.
నిద్రల ఉన్నదాన్ని నోరూరించి గుంజుడు
నాతోని కాదు.

శివరాత్రి పోయి నాలుగొద్దులు.
చలి పోయిందని ఊరంత అనవట్టె,
చలివాగుకు మాత్రం ఆ ముచ్చట ఇంకా చేరలే.
చెప్పులు చేతుల పట్టుకొని దిగిన,
నీళ్ళు మడిమలను కొరికినయి.

ఒడ్డుకు మిరప కల్లం.
ఆ ఘాటుకు రెండు తుమ్ములు తుమ్మిన,
అవతలి ఒడ్డున కొంగ లేచిపోయింది.
దాని చేప దానికి దక్కకుండ చేసిన
ఈ ఏడు మొదటి పాపం.

నిరుడు నడుం దాక మునిగిన బండ
ఇప్పుడు మొత్తం బయటికొచ్చి కూసున్నది.
దాని మీద నీటి గీతలు ఒకదాని కింద ఒకటి,
సగంల ఆపిన దర్రీ పట్టీల తీరు.
ఏ వారం ఎంత తగ్గిందో వేలుతోని చదువుకుంట నడిచిన.

పెద్ద మడుగు ఉండాల్సిన జాగల
ట్రాక్టరు టైర్ల అచ్చులు.
మడుగు జరిగిందా, నేనే తొవ్వ తప్పిన్నా?
ఇసుక ఎత్తుకపోయిన కాడ కొత్త గుంత పడ్డది.
సర్కారు తుమ్మ కట్టె ఒకటి ఇరిచి ముంచిన.
కట్టె మొత్తం మునిగింది, అడుగు అందలే.
ఇరవై ఏండ్ల సంది నెత్తిల రాసుకున్న లెక్క
ఒక్క ఎండాకాలంల ఎవలో చెరిపేసిండ్రు.

బర్లు కాసే పిలగాడు వచ్చి పక్కన నిలవడ్డడు.
"తాతా, గాలమేది?"
"తేలే."
"మరెందుకొచ్చినవ్?"
"చూసిపోదామని."
"ఏముంది చూసేటందుకు?"
నీళ్ళ మీద ఒక బుడగ చూపెట్టిన.
"అగో, కొర్రమట్ట గాలి పీల్చ పైకొచ్చింది."
వాడు బుడగను చూసిండు, నన్ను చూసిండు.
"అది మా బర్రె ఇప్పుడే లేచిన కాడ."

వాడు పోయినంక చూసిన,
తుమ్మ కొమ్మకు, నా తలకాయ కంటె జానెడు పైన,
ఒక కప్ప.
కప్ప అంటే కప్ప కాదు.
సైకిల్ ట్యూబు ముక్క, పుంజు మెడ ఈకలు రెండు,
దర్రీ నేసినంక మిగిలిన ఎర్ర పోగు
ఎండకు గులాబి రంగుకు తిరిగింది.
వాగు నిండుగ ఉన్ననాడు విసిరింది,
నీళ్ళు దిగిపోతే గాలిల ఈదుతున్నది.

నాదే అనుకున్న. కొమ్మ వంచి ముడి చూసిన.
నేను ఎడమకు మూడు చుట్లు తిప్పుత.
ఇది కుడికి నాలుగు.
ఆ ముడి నాకు ఎరుకే.
పక్క మగ్గం మీద దినాం తెగిన పోగుకు పడే ముడి.
ఆగయ్య!
నీళ్ళంటే గుండె దడ అని,
వాగు పేరు ఎత్తితేనే చెవులు మూసుకునేటోడు.

కోపం రావాలె. రాలే.
ఇప్పి జేబుల ఏసుకుందామని కొక్కెం పట్టుకున్న,
తుప్పు వేలుకు అంటింది.
మళ్ల ఇడిసిన.
కొమ్మ పైకి లేచి రెండు మార్లు ఊగింది.

మాపటికి కొత్తవాడ చాయ్ హోటల్ల
ఆగయ్యే అడిగిండు,
"పొద్దుగాల్నే ఎటు వోయినవ్?"
"పరకాల దిక్కు. సుట్టాల కాడికి."
"మంచిగున్నరా?"
"ఇంకా నిద్ర లేవలే."
చాయ్ సాసర్ల పోసుకొని ఊదుకుంట
అవునన్నట్టు తల ఊపిండు.
గప్పుడు చూసిన, ఆయన పంచె అంచుకు
పల్లేరు కాయ ఒకటి.

ఏమనలే.
నా కాళ్ళు బల్ల కిందికి గుంజుకున్న.