తొంభై సెకన్లు

జుబైల్. రాత్రి మూడున్నర.
హాజరు సర్వర్ లేవడం లేదు.
బూట్ పార్టిషన్ కోసం తొంభై సెకన్లు చూసి
నల్లతెర మీద చేతులెత్తేస్తుంది.
మళ్లీ తొంభై.

డిస్కు మంచిదే, నిన్ననే మార్చాం.
ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో మాత్రం
చెత్తడబ్బాలో పడున్న దాని నంబరు.

సులేమానీ గ్లాసు పెడుతూ భూమన్న:
"ఏమైంది సారూ?"
"కొత్తది లోపలే ఉంది.
ఇది పాతదాన్నే పిలుస్తోంది."

"నా లెక్కనే," అన్నాడు.
"పాస్‌పోర్టు మారింది. గేటు లిస్టుల పాత నంబరే.
మూడొద్దులు ఎండల నిలవడ్డ.
ముఖం గదే. ఎవ్వలు గుర్తువట్టలే."

అక్షరం అక్షరం సరిచూసి దిద్దాను.
రీబూట్. ఫ్యాను గుర్రుమంది.
ఐదింటికి బస్సులొస్తాయి.

భూమన్న ఖాళీ గ్లాసు తీయలేదు,
పెదాలతో లెక్కపెడుతున్నాడు.
పదకొండు దగ్గర లాగిన్ వచ్చింది.
అతను ఆపలేదు.