అలాసర్ గారి నీళ్లు

మే నెల రెండో వారం. కొండ నెత్తిన మంచు
పాత గోడ సున్నంలా పెచ్చులూడుతోంది.
బెర్మహార్ ఊళ్లో ఇంటికొకటి చొప్పున
పదమూడు పారలు లేచాయి.
నాది పద్నాలుగోది, అరువు పార.

ముందు నడిచేది బాల్దొమేరో,
డెబ్బై తొమ్మిదేళ్ల నీరటికాడు.
నడుముకి బెల్టు బదులు తాడు,
జేబులో ఒక ఉల్లిపాయ, ఒక కత్తి.
కాలువని "అసేకియా" అంటాడు,
తొట్టిని "అల్బేర్కా", అడ్డుకట్టని "అసూద్".
ఏ భాష మాటలివి అని అడిగితే
"మా అమ్మవి" అన్నాడు, పక్కకి ఉమ్మేసి.

నీరు పల్లమెరుగు అంటాం మన వైపు.
ఇక్కడెవరో నీటిని కూర్చోబెట్టి
పల్లం కాని దారి నేర్పారు,
కొండ నడుము చుట్టూ
నూరడుగులకి బెత్తెడు వాలుతో.
మించితే గట్టు కోసుకుపోతుంది,
తగ్గితే బురదై నిద్రపోతుంది.
ఆ బెత్తెడు కొలిచిన చెయ్యి
ఏ పుస్తకంలో ఉందో తెలీదు.
కాలువలో మాత్రం ఉంది. పార తగిలితే తెలుస్తుంది.

మూడో వంపు దగ్గర గండి కొట్టాం.
నీళ్లు పొలానికి కాదు,
పలకరాళ్ల నెర్రెల్లోకి వదిలేశాం.
"పారబోస్తున్నారా?" అన్నాను.
"విత్తుతున్నాం" అన్నాడు.
ఇవాళ కొండలో విత్తిన నీళ్లు
ఆగస్టులో, చర్చి వెనక ఊటలో మొలుస్తాయట.
కిందటేడు గ్రనాదా నుంచి ఒకమ్మాయి వచ్చి
ఆకుపచ్చ రంగు కలిపి చూసిందట.
ఎనభై ఆరు రోజులు లెక్కపెట్టి
ఊట దగ్గర సీసా పట్టుకు కూచుంటే
పచ్చగానే వచ్చాయట.
"చదువుకున్న పిల్ల కదా, నమ్మడానికి టైం పట్టింది."
ఆ మాటలో ఎగతాళి లేదు. జాలి ఉంది.

నాలుగు వందల యాభై ఏళ్ల కిందట
రాజు మనుషులొచ్చి ఊరంతటినీ
వానలో ఉత్తరానికి నడిపించారట.
రెండిళ్ల వాళ్లని మాత్రం ఆపారట.
కొత్తగా వచ్చేవాళ్లకి తూములు చూపించాలి కదా.
ఊళ్లో చెప్పుకునే మాట, కాగితం అడగొద్దు.
అన్న వెళ్లిపోతుంటే ఇక్కడే నిలబడి,
పరాయివాడి చేతికి పార ఇచ్చి
"అలా కాదు, కొంచెం ఎడమకి" అన్నవాడి గొంతు
ఎలా ఉండి ఉంటుంది.

తిండివేళ ఇద్దెర్ నారింజ వలిచాడు.
అతనిది అవతలి ఒడ్డు, అట్లాస్ కొండలు.
అల్మెరియా ప్లాస్టిక్ తోటల్లో టమాటాలు కోసి
వీపు పాడై, ఇటు కూలికొచ్చాడు.
"నారాన్హా" అంటూ ముసలాయన చెయ్యి చాచాడు.
నా నోట నారింజ, ఆయన నోట నారాన్హా.
ఈ మాటని ఎన్ని రేవుల్లో వలిచారో గానీ
ఒక్క తొనా రాలలేదు.

పొద్దు వాలింది. తూము తెరిచే వేళ.
బాల్దొమేరో టోపీ తీశాడు, వాళ్ల నాన్న తీసినట్టే.
"అలాసర్ గారి సెలవైతే" అని పలక ఎత్తబోయాడు.
అలాసర్ ఎవరు?
పాతకాలపు ఆసామి. పొద్దువాలే వంతు ఆయనది.
వంతుల పుస్తకంలో రాసుంది: అలాసర్ నీళ్లు.
దయగలవాడు, ఊరికి వదిలేసి పోయాడు.

ఇద్దెర్ నవ్వాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.
తర్వాత పార నిలబెట్టి నీడ చూశాడు.
"మామా, అది మనిషి కాదు. అస్ర్.
పొద్దు వాలాక మేం చేసే నమాజు. ఇదే, ఈ వేళే."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
నీళ్లు మాట్లాడాయని రాయబోయి ఆగాను.
అవి ఎప్పట్లాగే గులకరాళ్లని తోసుకుంటూ పోయాయి.
నమాజుని తరిమేశారు.
దాని వేళని తరమాలని ఎవరికీ తట్టలేదు.

టోపీ చేతిలో తిప్పుతూ
"అయితే ఆసామి లేడా?" అన్నాడు బాల్దొమేరో.
"అరవై ఏళ్లుగా ఆయనకి బాకీ ఉన్నాననుకున్నా."

ఇద్దెర్ బూట్లు విప్పి, కాలువలో
మోచేతులు, చీలమండలు కడుక్కున్నాడు.
ముసలాయన చూడనట్టు చూశాడు.
తర్వాత తూము పలకని
రోజూ కంటే ఇంకో బెత్తెడు ఎత్తాడు.

రేపు పైకాలువ. ఉల్లిపాయలు నేను తేవాలట.