అరవై ఒకటో ప్లేటు

మే నెల. కర్నూలు పెద్దాసుపత్రిలో వెనకగది.
కరెంటు పోయింది.
ఇంక్యుబేటర్ లోపల ముప్పై ఏడు,
బయట నలభై నాలుగు.
సూక్ష్మజీవులకు వడదెబ్బ తగలకుండా
పెట్టె మీద తడి గోనెపట్టా కప్పి
తొట్టెల దగ్గర కాపలా ఉన్నట్టు నిలబడ్డాను.

నా దగ్గరికి మనుషులు రారు. దూదిపుల్ల వస్తుంది,
గాజుగొట్టంలో, గొట్టానికి ప్లాస్టరు, ప్లాస్టరు మీద అంకె.
అంకెకు దురద పుట్టదు.
అంకె రాత్రుళ్లు మొగుడికి వీపు చూపించి
గోడ గీరుకుంటూ పడుకోదు.

ప్లేటు మీద గీస్తే
రెండోనాటికి మీగడ చుక్కల్లా తేలుతుంది.
వాసన మాత్రం, ఇది నేనింట్లో చెప్పను,
రాత్రి రుబ్బి మూతపెట్టిన దోశపిండి వాసన.
మా అమ్మ పొద్దున గిన్నె తెరిచి "బాగా పొంగిందే" అన్నప్పుడల్లా
నా చేతులు గ్లౌజుల కోసం తడుముకుంటాయి.

డాక్టర్ మెహరున్నీసా గారి థీసిస్ ఇది.
వన్‌టౌన్ అంగట్లో తూకమేయించి తెచ్చినవి
లవంగం, పసుపు, తెల్లగడ్డ.
యాపాకు ఊరికే, సైకిల్ స్టాండు చెట్టుది.
నూరి, నానబెట్టి, వడగట్టి,
బొట్టుబిళ్లంత కాగితం మీద ఒక్కో చుక్క.
బిళ్ల చుట్టూ ఏమీ మొలవని మేర ఎంతో
స్కేలు పెట్టి కొలవాలి.
మా లెక్కలో ఖాళీయే పంట.

పసుపు: సున్నా.
మళ్లీ చేశాను. ఇంకోసారి చేశాను. సున్నా.
మా జేజి బతికుంటే నన్ను గడప తొక్కనిచ్చేది కాదు.
యాపాకు: తొమ్మిది, అదీ దాని మనసొచ్చినప్పుడు.
తెల్లగడ్డ: పదహారు, నూరిన పూట మాత్రం.
లవంగ నూనె: ఇరవై రెండు.

అరవై ఒకటి వేరే రకం.
సీరంలో వేసి రెండు గంటలు కాచుకున్నా మొలక తొడగలేదు.
మేమెరిగినదానికి చిన్నమ్మ కూతురేమో.
ఆసుపత్రి మాత్ర పూసిన బిళ్లను
గుమ్మం దాకా పాకి ఆనుకుని పెరిగింది.
లవంగం చుట్టూ మాత్రం తేటగా, గుండ్రంగా, నీళ్లంత ఖాళీ.
డాక్టరమ్మ నాలుగు ఫొటోలు తీసింది.
ఆ పూట టీ డబ్బులు ఆమే ఇచ్చింది.

మూడో రోజు అరవై ఒకటి కిటికీ దగ్గరికి వచ్చింది.
పేరు ఉరుకుందమ్మ. కోసిగి నుంచి రెండు బస్సులు.
మిరపకోతలకు పోయి నెలకిందే తిరిగొచ్చిందట.
రిపోర్టు అడగబోయి, వెనక మగాయన ఉన్నాడని
వరసలోంచి తప్పుకుని, మళ్లీ చివర నిలబడి,
మళ్లీ వచ్చింది.

"పక్కింటామె చెప్తే తెల్లగడ్డ నూరి పెట్టుకుంటి మ్మా.
మిరప్పండ్ల కల్లంలో కూసున్నట్లాయె.
మూడు దినాలు ఒంటేలుకు పోవాలంటే ఏడుపే."
చెప్పి, చెంగు అడ్డం పెట్టుకుని
నవ్వింది.

పదహారు మిల్లీమీటర్లు.
నా అక్షరాలు ఎంత గుండ్రంగా ఉంటాయో
అప్పటిదాకా గర్వంగా ఉండేది.

"మరి లవంగాల నూనె మంచిదంట గదా?"
వద్దన్నాను. మావాడు నిప్పు మీదికి పోయినప్పుడు కూడా
అంత గట్టిగా అరవలేదు.
ప్లేటుకు చర్మం లేదని ఆమెకెట్లా చెప్పేది?
ఇరవై రెండు సంగతి నోట్లోనే ఉంచుకున్నాను.

డాక్టరమ్మ మందు మార్చి రాసింది.
పనిలో పనిగా రక్తం తీయించింది.
చక్కెర మూడు వందల పది.
ఉరుకుందమ్మకు ఆ సంగతే తెలియదు.

ప్లేటులో చక్కెర నేనే కలుపుతాను,
లీటరుకు నలభై గ్రాములు, తూచి మరీ.
ఆమె ఒంట్లో ఎన్నేళ్లుగా కలుస్తోందో
ఇన్ని ఆసుపత్రులు తిరిగినా
దురద గురించి అడిగినవాళ్లే గానీ
దప్పిక గురించి అడిగిందెవరు?

సాయంత్రం ప్లేట్లన్నీ ఆటోక్లేవ్‌లో వేశాను.
గదంతా బిర్యానీ వండినట్టు లవంగం ఘాటు.
రిజిస్టర్లో రిమార్కుల గడి
ఏనాడూ ఎవరూ ముట్టనిది.
అరవై ఒకటికి ఎదురుగా రాశాను:
రెండు బస్సులు. మంట. దప్పిక.
డాక్టరమ్మ చదివింది, పెన్ను తీసింది,
కొట్టేస్తుందనుకున్నాను.
కింద తేదీ వేసింది.

కరెంటు మళ్లీ పోయింది.
గోనెపట్టా ఎండిపోయి అట్టలా ఉంది,
లేచి తడపాలి.