మిరుగు ముందటి లెక్క

మిరుగు ఇంక మూడు రోజులుందనంగ
మండువ కాడ నలుగురు కూసున్నరు.
మోకులు గుంజకు ఏలాడుతున్నయి,
కత్తులు తోలు పొదిల ముడుసుకున్నయి.
పండుతాళ్ళ కాలం ఒడిసింది.
ఇగ చేసేదేముంది,
ఎవల తాడు ఎంత పారిందో చెప్పుకునుడే.

నేను పక్కన సీసలు కడుగుతున్న.
చేతులు నీళ్ళల్ల, చెవులు వాళ్ళ కాడ.

బుచ్చిరాములు ముందుగాల అందుకున్నడు:
పదకొండు తాళ్ళు. రోహిణి ఎండలల్ల
రోజుకు డెబ్బై సీసలకు తక్కువైతే అడుగుండ్రి.
డెబ్బై అంటే యాభై అని ఊరికి ఎరుకే,
ఆయనకు గూడ ఎరుకే,
అయినా డెబ్బై అన్నప్పుడు ఆయన మీసం చూడాలె.

సైదులు దిష్టికి భయపడే మనిషి.
"ఏడ పారినయే బావా,
లొట్టి అడుగు తడిసింది, గంతే."
మొన్ననే బండికి రెండు టైర్లు కొత్తయి ఏయించిండు.
అవి ఏ తడికి మొలిసినయో ఎవలు అడగలే.
గెట్టు మీది తాళ్ళు మాత్రం
చండూరు దారిల ప్లాట్ల కింద పోయినయి.
ఆ మాట వచ్చినప్పుడు
సైదులు తగ్గించలే, పెంచలే.
మూడు, అన్నడు.
మూడు వేళ్ళు చూపెట్టి మలిసిండు.

పరశురాం చిన్నోడు, ఎక్కవట్టి రెండో ఏడు.
సెల్లుల రాసుకున్నడు అన్నీ:
ఏ తాడు, ఏ పూట, ఎన్ని సీసలు,
మబ్బు పట్టిన రోజు ఎంత, ఎండ కొట్టిన రోజు ఎంత.
చదువుతుంటే పెద్దోళ్ళు ఇననట్టే ఇన్నరు.
"ఒర్రె కాడి తాడే మోసం చేసింది,
నెల తిరగకముందే ఎండిపాయె."

బీడీ ఆరిపోయిందని గూడ సూసుకోకుంట
అప్పటిదాక కూసున్న కాశయ్య
తలెత్తిండు.
ఒర్రె కాడి తాడు ఆయనది.
మోకాలు మొరాయించినంక పిల్లగానికి పాలుకిచ్చిండు.
"తాడు మోసం చెయ్యదు బిడ్డా.
నువ్వు గీస్తలేవు, కోస్తున్నవు.
గెల మీద కత్తి ఉల్లిపొర లేపినట్టు పోవాలె,
ఆ పొరలకెల్లి చూస్తే ఎండ కండ్లవడాలె.
మందం కోస్తే ఆ పూట రెండు సీసలు ఎక్కువొస్తయి.
ఆ రెండే నువ్వు రాసుకున్నవు."

ఎవ్వరు నవ్వలే.
పరశురాం సెల్లు బోర్ల పెట్టిండు.

"మరి నీ లెక్కేంది కాకా?"
సైదులే అడిగిండు, మాట మళ్ళించనీకి.

కాశయ్య అగ్గిపుల్ల గీసిండు, ఆరింది,
ఇంకోటి గీసిండు.
"ముప్పై ఆరేండ్లు ఎక్కిన.
దినాం మూడు పూటలు, పన్నెండు తాళ్ళు.
ఎక్కినన్ని సార్లు దిగిన.
గదే నాకు పారింది."

బుచ్చిరాములు చెయ్యి మీసం మీదికెల్లి
మెల్లగ గుంజకున్న మోకు మీదికి పోయింది.
"ఈదమ్మా, తలా ఓ సీస పట్రా" అన్నడు,
గొంతు ఎప్పటి లెక్క లేదు.

నా లెక్క ఎవలు అడగరు.
మండువకొచ్చిన ప్రతి బిందె కొలిసింది నేనే.
తలుపెనక గోడకు బొగ్గు గీతలున్నయి.
బాగ ఎండ కొట్టిన రోజున
బుచ్చిరాములుకు యాభై రెండు,
లొట్టి అడుగు తడిసిన సైదులుకు అరవై ఒకటి.
చెప్తే ఇద్దరి మొకాలు ఒక్కతీరుగ మాడుతయి.
రేపో మాపో గోడకు సున్నం ఏస్త.
చెప్ప.

పొద్దుగూకినంక ఇంటికి పోతుంటె
ఒర్రె కాడ కాలు ఆగింది.
ఎండిపాయెనని పరశురాం లొట్టి దించి నెల దాటింది.
తాడు మొదట్ల చూస్తే
పలసటి గెల పొరలు, నాలుగైదు,
ఇంక తడి ఆరనియి.
ఒకటి తీసి ఆకాశం దిక్కు పట్టిన,
మిగిలిన ఎలుగంత అండ్లకెల్లి అవుపడ్డది.
మెత్తటి మన్నుల అడుగులున్నయి,
ఒక్క కాలిది లోతుకు, ఇంకోదాన్ది తాకీ తాకనట్టు.

పైన లొట్టి లేదు.
సుక్క ఒకటి వచ్చి రాయి మీద పడ్డది.
ఇంకోటి ఎప్పుడొస్తదో అని
అక్కడ్నే ఎంతసేపు నిలవడ్డనో ఎరుకలే.

పొరలన్నీ కాలుతోని ఒర్రెల్లకు నూకిన.
పిల్లగాడు పొద్దుగాల ఇటే వస్తడు.