కూలిలో నా వంతు

తెల్లారకముందే శేషాద్రి రోడ్డు చిమ్మి
ఆరుంబావుకి పార్కులోకి పోతా.
పార్కంటే పార్కు కాదప్పా, పాత జైలు.
తలుపులు పీకేసినారు, గదులు అట్లే ఉండాయి.
కాలేజీ పిల్లోళ్లు కూసోని చెనిక్కాయలు తిని
పొట్టు నాకు వదిలి పోతారు.

మొదటి దినం నరసక్క అడిగింది:
"ఈడ మూసినోళ్లంతా యాడికి పోయినారే?"
"పరప్పన అగ్రహారానికి. ఇంకా పెద్దిల్లు కట్టిచ్చినారు."
నవ్వుకున్నాము.
అప్పటికింకా నా ఓబులేసు బతికే ఉండాడు.

కూలి పెంచమని మేం ధర్నా కూసున్నదీ ఈడే.
అరుచుకునేదానికి సర్కారు మాకు చూపిన తావు
జైలే.

*

కత్తి పట్టింది మారెప్ప.
మా సందువాడే, నా చేతి సంగటి తిన్నోడే.
ట్యాంకరు కాడ బిందెల వరస కోసం తగులాట.
ఉల్లిగడ్డలు కోసే కత్తి, ఇంతే ఉండాది.

ఇప్పుడు లోపల వడ్రంగం చేస్తాండాడంట.
దినానికింత కూలి,
దాంట్లో తిండికింత, గుడ్డకింత పట్టుకొని
నాకింత అని తీసిపెడతారంట.

ఆఫీసులో ఏలిముద్ర ఏపిచ్చుకొని
చెక్కు చేతిలో పెట్టినాడు గుమాస్తా:
"నీ కొడుకు తాలూకు."
కాదు సార్.
ఇది మారెప్ప అరచేతుల తాలూకు,
చిత్రిక పట్టీ పట్టీ లేసిపోయిన తోలు.
బయట వడ్రంగి ఒక పూటకి తీసుకునేది
వాడికి ఎన్ని దినాలకో.

వాడు చేసే కుర్చీలు యాడికి పోతాయన్నా.
"కోర్టులకి, ఆఫీసులకి. నువ్వు కూసున్నదీ అదే."

లేసి నిలబడినా.

*

ఉరి తీసింటే పీడా పోతుండె అంటాడు మా ఆయన.
తప్పనను. ఆ మాటన్న రాత్రే ఆయనకి నిద్ర పడతాది.

నాలుగేండ్లు కేసు నడిచింది.
కత్తి యా చేతిలో ఉండెనని అడిగినారు,
వీధి లైటు వెలుగుతాండెనా అని అడిగినారు.
నీకేం కావల్లమ్మా అని ఒక్కరూ అడగలే.

అడిగింటే చెబుతుంటి.
వాణ్ణి నా ముందర కూసోబెట్టండి, నేలమీద.
నా బిడ్డ ఆఖరున ఏమన్నాడో వాడికొక్కడికే తెలుసు.
వాడు నాకు బాకీ పడింది ఆ మాట. దుడ్డు కాదు.
తర్వాత నా బిందెలు వాడు మొయ్యల్ల,
కారే రేకుల కప్పు ఎక్కి వాడు బాగుచెయ్యల్ల,
దినామూ, నా కండ్ల ముందర, వాళ్లమ్మ కండ్ల ముందర.

సులువనుకుంటాండారా?
వాణ్ణి చూస్తే నా చేతులు ఏం చేస్తాయో నాకే తెల్దు.
సులువైంది జైలే.
గోడ కట్టేస్తే ఎవురూ ఎవురి మొకమూ చూడబన్లేదు.

"గోడ ల్యాకపోతే చంపినోళ్లు రోడ్డుమీద తిరగరా?"
తిరుగుతాండారు గదా సార్.
చిమ్ముతాన్న నరసక్కని కారుతో గుద్దినోడు
మద్యానం అన్నం ఇంట్లోనే తిన్నాడు.

*

ఈ జైలు తలుపులు పీకినారు. బెంగుళూరేమీ మునిగిపోలే.
ఆ ఇనుమంతా మోసింది ఎవురో,
ఎంత కూలికో.

మూడో గదిలో ఈ పొద్దు ఒక పిల్లోడు
వాకిట్లో నిలబడి, లేని తలుపు కొడతాన్నాడు.
వాళ్లమ్మ ఫోన్లో ఉండాది.
రా నాయనా, తెరిచే ఉంది అన్నా. రాలే.

చెక్కు బియ్యం డబ్బాలో ఉండాది.
మూడు నెల్లు దాటితే చెల్లదంట.
ఇంకా పదకొండు దినాలుండాయి.