పావు తిప్పు

సీజన్‌కి ఇంకా తొమ్మిది రోజులుంది.
సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలి
కిటికీ సందుల్లో ఈల వేస్తోంది.
వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి
తౌనో మామయ్య తుపాకీని పడుకోబెట్టాను.

బోల్టు లాగి చూశాను, ఖాళీ.
చిటికెన వేలు పెట్టి చూశాను, ఖాళీ.
టార్చి వేసి మళ్లీ చూశాను.
అయినా గొట్టాన్ని
కుక్క పడుకున్న వైపు తిప్పలేదు.
ఇదీ ఆయన నేర్పిందే:
"ఖాళీ అనుకున్న తుపాకీకే భయపడాలి, సెన్యా."

ఇత్తడి కడ్డీ. ముక్కు మండించే ద్రావకం.
చిరిగిన ఫ్లానెల్ చొక్కాని
గళ్ల వెంబడి కత్తిరించిన గుడ్డముక్కలు.
మొదటి ముక్క బొగ్గులా వచ్చింది.
రెండోది ఆకుపచ్చగా.
గుండ్లు గొట్టంలో వదిలిపోయిన రాగి.
ఈ ఊరి నేల కింద
మా తాత ముప్ఫై ఏళ్లు తవ్విన లోహం
ఇంకా నా చేతులకి అంటుతూనే ఉంది.
పదకొండో ముక్క తెల్లగా వచ్చేసరికి
కాఫీ రెండుసార్లు చల్లారింది.

నిరుడు ఈ తుపాకీతోనే
ఎనిమిది కొమ్ముల మగజింకని
డెబ్బై గజాల్లో వదిలేశాడు మామయ్య.
పక్కకి తిరిగి నిలబడిందట,
ఫోటోకి నిలబడ్డట్టు.
గుండు ఎటో పోయింది.
జింక ఒకసారి ఆయనవంక చూసి
తెల్లతోక ఎత్తి
దేవదారుల్లోకి నడిచి వెళ్లిందట.
పరిగెత్తనన్నా లేదు.
అదే ఆయన్ని ఎక్కువ కాల్చింది.

"తుపాకీలోనే ఏదో ఉంది" అన్నాడు.
ఆడలేక మద్దెల ఓడన్నాడని
హిల్టునెన్ బారు బారంతా నవ్వింది,
చలికాలమంతా నవ్వింది.
కళ్లద్దాల దుకాణం కార్డొకటి
ఎవరో ఆయన బీరు గ్లాసు కింద పెట్టారు.
నేనూ నవ్వాను.
నేనే ముందు నవ్వానేమో.
ఏప్రిల్లో మంచు కరుగుతుండగా
తుపాకీ తెచ్చి నా గుమ్మానికి ఆనించి
"నాకింక చూపు ఆనడం లేదులే" అన్నాడు.

కట్టెకి అవిసెనూనె పట్టిస్తున్నాను
అరచేతి వేడితో, చుక్క చుక్కగా.
ఆయన చెంప ఆనిన చోట
వాల్‌నట్ నున్నబడి నల్లబడింది.
బొటనవేలు జారి టెలిస్కోపుకి తగిలింది.

కదిలింది.

ఊపిరి బిగబట్టి మళ్లీ నొక్కాను.
వెంట్రుకవాసి.
వెనక ఉంగరం కింది మర వదులు.
స్క్రూడ్రైవర్ పెడితే
పావు తిప్పు తిరిగి ఆగింది.
అంతే.
నా బల్ల మీద వెంట్రుకవాసి
డెబ్బై గజాల అవతల మూరెడు.

మద్దెల నిజంగానే ఓడు.

మరి ఆ మర బిగించిందెవరు?
ముందటేడు అక్టోబర్లో, ఇదే బల్ల.
కీళ్లవాతపు వేళ్లతో ఆయన తడబడుతుంటే
"ఇటివ్వు, నేను చేస్తా" అని లాక్కున్నాను.
రేడియోలో హాకీ, చివరి రెండు నిమిషాలు.
మూడు మరలు బిగించాను.
నాలుగోదాని దగ్గర మనవాళ్లు గోల్ కొట్టారు.
గోల్ గుర్తుంది.
మర గుర్తు లేదు.

నూనె చేతులతోనే ఫోన్ చేశాను.
చెప్పాను. గోల్ సంగతి కూడా చెప్పాను.
అవతల పొయ్యిలో కట్టె చిటపటలాడటం వినిపించింది.
చాలాసేపటికి,
"టెలిస్కోపు తోక ఎటు జరిగింది?"
"కుడికి."
"కుడిపక్క బిర్చ్ మీద బెరడు ఎగిరింది.
ఇంతమేర. తెల్లగా.
అప్పుడు చూశాననుకున్నాను.
మీరంతా నవ్వాక
చూడలేదేమో అనుకున్నాను."

నాకు మాట రాలేదు.
ఆయనే మళ్లీ అన్నాడు:
"బోల్టుకి నూనె పల్చగా రాయి.
చలికి గడ్డకడుతుంది.
రేపు పొద్దున కంకరగుంట దగ్గరికి
ఆరు గుండ్లు పట్టుకురా.
మూడు నీకు."